నీలంరేవుకు ఒక ద్రోహి కావలెను

నీలంరేవులో మనుషులకు గాయాలు లేకపోలేదు. గొర్లె వారి పెద్దాయన మోకాలికి ఎద్దు కొమ్ము గుర్తు ఉంది. సర్పంచి సత్తెమ్మ చేతి మీద వేడినూనె మచ్చ ఉంది. పడవ నడిపే చిట్టెన్న అరచేతులు గడకర్రకు కాయలు కాసి, ఆ చేత్తో బుగ్గ నిమిరితే గీసుకుపోతుందని అతని భార్య బంగారమ్మ దెప్పుతూ ఉంటుంది. అయితే ఇవన్నీ మనుషుల గాయాలు. ఊరికంటూ ఒక గాయం ఉండాలని, అది లేని ఊరు ఊరే కాదని, ఆ ఏడు వానలకు ముందు సర్కారువారు వచ్చి చెప్పేదాకా అక్కడ ఎవరికీ తోచలేదు.

వచ్చి చెప్పినవారు చారిత్రక వేదనా విభాగం జిల్లా ఉపసంచాలకులు చెరుకుమిల్లి విద్యారణ్యమూర్తి గారు. పాత విగ్రహాల మీద దుమ్ము ఎలా దులపాలో నేర్చుకు రమ్మని ప్రభుత్వం ఆయనను కొరియా దేశం పంపింది. దుమ్ము సంగతి ఏమైందో గాని, పోయేటప్పుడు విమానంలోను, వచ్చేటప్పుడు విమానంలోను, మధ్యలో హోటలు గదిలోను ఆయన ఆ దేశపు చరిత్ర సినిమాలు చూశారు. చూసి ఏడ్చారు. పక్క సీటులోని కొరియా ముసలావిడ జాలిపడి తన రుమాలు ఇచ్చిందట. తిరిగి వచ్చేటప్పుడు, అక్కడ వెనకటికి రాజోద్యోగులు పెట్టుకునే వెడల్పు అంచుల నల్లటోపీ ఒకటి కొని తెచ్చుకున్నారు. ముఖ్యమైన సమావేశాలకు గడ్డం కింద తాడు బిగించి అదే పెట్టుకునేవారు.

ఆ టోపీతోనే పంచాయతీ ఆఫీసు అరుగు మీద నిలబడి ఊరినుద్దేశించి ఉపన్యసించారు.

"మన చారిత్రక చిత్రాల్లో ఏమున్నది? కథానాయకుడు కోటగోడ మీంచి దూకుతాడు. తొడగొడతాడు. ఒంటిచేత్తో సైన్యాన్ని పడగొడతాడు. ప్రేక్షకుడు ఈల వేసి, ఇంటికి పోయి, అన్నం తిని పడుకుంటాడు. వారి చిత్రాల్లో అలా కాదు. పరాయివాడు వస్తాడు. వీళ్ళు ఓడిపోతారు. రాజు ఏడుస్తాడు, మంత్రి ఏడుస్తాడు, వంటవాడు ఏడుస్తాడు. ప్రేక్షకుడు ఏడుస్తాడు. ఏడ్చిన ప్రేక్షకుడు ఆ స్థలం చూడాలని బండెక్కి బయలుదేరతాడు. దీనినే వేదనా మూలక పర్యాటకాభివృద్ధి అందురు."

"ఏడవడానికి బండెక్కడవెందుకు బావూ?" అంది చేపలమ్మే తౌడమ్మ. "మా ఇంటికి రమ్మనండి. మా కోడలు కూకున్న సోటే ఏడిపిత్తాది."

జనం నవ్వారు. ఉపసంచాలకులు నవ్వలేదు. నవ్వు వేదనకు అవరోధమని ఆయన విభాగం అప్పటికే ఒక ఉత్తర్వులో పేర్కొని ఉంది.

ఆయన చెప్పిందాని సారాంశం ఇది. కొరియా వారి చిత్రాలను కూలంకషంగా పరిశీలించగా, గాయానికి కావలసిన దినుసులు తేలినవి. ముందుగా ఏ గొడవా పట్టని ఒక సామాన్యుడుండాలి. అతడు కుమ్మరి కావచ్చు, బండి తోలేవాడు కావచ్చు. విపత్తుకు ముందు అందరూ కూర్చుని కడుపునిండా భోంచేయాలి. భోజనం ఎంత బాగుంటే విపత్తు అంత బాగుంటుంది. వాన తప్పనిసరి. ఆపైన ద్రోహం జరగాలి, అది లోపలివాడే చేయాలి. బయటివాడు కొడితే దెబ్బ, మనవాడు కొడితేనే గాయం. చిట్టచివర ఏళ్ళు గడిచాక ఒక వృద్ధుడు అదే చోట నిలబడి ఏమీ మాట్లాడకుండా చూడాలి.

"ప్రతి గ్రామమూ తన గాయమును సమర్పించవలెను. దానిపై విభాగము లఘుచిత్రము నిర్మించును. గాయము లేని గ్రామమును గాయము గల పొరుగు గ్రామమునందు విలీనము చేయుదుము" అని ముగించారాయన.

పొరుగు గ్రామమంటే కొత్తపేట. ఏరు వంపు తిరిగిన చోట వంతెన పక్కన ఉంటుంది. రైలు పట్టాలు తమ ఊరికి రాకుండా పక్కనుంచి పోయాయని చెప్పి ఆ ఊరివాళ్ళు అప్పటికే గాయం మంజూరు చేయించుకున్నారు. రాని రైలు కోసం పొలిమేరలో ఒక స్మారకం కూడా లేచింది.

"కొత్తపేటోల్ల కింద బతకడం కన్నా గాయమే నయం" అంది సత్తెమ్మ. "సెప్పండర్రా, ఎవుల్కాడ ఏటుందో!"

గొర్లె పెద్దాయన మోకాలు చూపించాడు. జాతీయస్థాయి లేదని తోసిపుచ్చారు. ఒకాయన తన తాత కల్లు తాగి మూడు చెట్ల తోపును ఏనుగులనుకుని మూడు దిక్కులా మొక్కిన కథ చెప్పాడు. సామాన్యుడున్నాడు గాని పరాయివాడు లేడన్నారు. ఇంతలో తౌడమ్మకు గుర్తొచ్చింది.

"పరాయోడంటే దొర ఒచ్చాడు కదేటి! మా అమ్మ సెప్పేది. సిస్తు కోసమని గుర్రమేసుకుని ఒచ్చాడు. మనోల్లు పనసపొట్టు కూరొండి ఎట్టినారు. తిని తిని, లెగనేక, గుర్రం ఎక్కనేక, సిస్తు మాట మరిసిపోయి ఎల్లిపోనాడు."

ఉపసంచాలకులు టోపీ సర్దుకున్నారు. "భోజనం! పరాయివాడు! అతడు ఏరు ఎలా దాటాడు?"

ఆ ప్రశ్నకు ఊరంతా పొంగిపోయింది. అందరూ వెనక నిలబడ్డ చిట్టెన్న వైపు తిరిగారు.

చిట్టెన్న మాట్లాడే మనిషి కాదు. పడవలో జనం లోకం మీది కబుర్లన్నీ చెప్పుకుంటుంటే వింటూ గడ వేస్తాడు. అవతలి ఒడ్డు వచ్చాక "జాగర్త" అంటాడు. రోజుకు అతని మాటల ఖర్చు అంతే. కాని తాత ప్రస్తావన వచ్చేసరికి అతని ఛాతీ కొంచెం ముందుకు వచ్చింది.

"మా తాతే బావూ" అన్నాడు. "సూరప్ప. దొర్నీ, గుర్రాన్నీ, పొయ్యేటప్పుడు కూర తప్పేలానీ కూడా దాటించినాడు. సుక్క తొణకనేదు."

ఊరు గర్వంగా తల ఊపింది. ఉపసంచాలకుల కళ్ళు చెమర్చాయి.

"దొరికాడు" అన్నారాయన. "ద్రోహి దొరికాడు."

నీలంరేవులో పడవ ఎక్కడానికి ఒక పద్ధతుంది. వంగి నీళ్ళు వేళ్ళతో తాకాలి. "సూరప్ప తోడు" అనాలి. అప్పుడు కాలు లోపల పెట్టాలి. సూరప్ప గడ పట్టినంత కాలం ఏరు మనిషిని గాని మేకను గాని మింగలేదు. ఆయన పోయాక కూడా ఆ పేరు పడవలో కూర్చుంటే ఏరు మర్యాదగా ఉంటుందని అక్కడివారి నమ్మకం. కాలేజీ పిల్లలు ఫోను మీంచి కళ్ళు తీయకుండానే ఆ మాట అంటారు. కోళ్ళగంప తెచ్చినవాడు కోళ్ళ తరఫున కూడా అంటాడు. చిట్టెన్నకైతే ఆ మాట చెవిని పడితే గాని చెయ్యి గడ మీదికి పోదు. అదిలిస్తే గాని కదలని ఎద్దులాగా ఆ చేతికి అదే అదిలింపు.

అటువంటి రేవులో నెల తిరగకుండా పాలరాతి పలక లేచింది.

"ఈ రేవునందే కిల్లి సూరప్ప అను పడవవాడు పరాయి పాలకుని ఏరు దాటించి జాతికి ద్రోహము గావించెను. ఇచట నిలిచి నిట్టూర్చవలెను" అని దాని మీద చెక్కారు. కింద, ద్రోహి నామమును గౌరవపూర్వకముగా ఉచ్చరించుట నిషేధమని ఇంకో ముక్క.

చిట్టెన్న ఆ పలకను చదివి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ చదివాడు. తుడిస్తే పోయే రాత కాదు.

"ఏడాదికోపాలి నోరు తెరుస్తావు" అంది బంగారమ్మ ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ. "ఈ ఏటికి ఆ రోజే దొరికిందేటి నీకు?"

అతను ముద్ద మింగాడు గాని మాట మింగుడుపడలేదు. దొర వచ్చాడు, పడవెక్కాడు. రేవుకొచ్చినవాణ్ణి నువ్వెవరివని అడిగే పడవవాడు ఎక్కడైనా ఉంటాడా?

అదే మాట టౌనులో విభాగం ఆఫీసుకు పోయి అడిగాడు. ఉపసంచాలకులు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అడగకుండా దాటించాడా? తెలియకుండా చేసిన ద్రోహమా? మహాద్భుతం! ఇది కొరియా వారికే తట్టని మలుపు!" అని గుమాస్తాను పిలిచి, ద్రోహము అన్న చోట మహాద్రోహము అని సవరించమన్నారు.

"తీసెయ్యడానికి ఈలు నేదా బావూ?"

"ఎందుకు లేదు? నిబంధన ఉన్నది. ద్రోహిని తొలగించవలెనన్నచో ప్రత్యామ్నాయ ద్రోహిని చూపవలెను. అతడు ఆ గ్రామవాసియే అయి ఉండవలెను. ఎవరైనా ఉన్నారా మీ దృష్టిలో?"

చిట్టెన్న ఊరిలోని ఒక్కొక్క మొహాన్ని తలుచుకున్నాడు. గొర్లె పెద్దాయన వాళ్ళ తాత పిసినారి, ద్రోహి కాడు. తౌడమ్మ పుట్టింటివాళ్ళు తూకంలో మోసం చేస్తారు, అది వేరు. సత్తెమ్మ మామ రెండు పార్టీల జెండాలూ ఒకే కర్రకు కట్టినవాడు, కాని పాపం వాన పడితే అందరినీ తన అరుగెక్కించుకునేవాడు. ఎవరూ పనికిరాలేదు. చిట్టెన్న బస్సెక్కి వచ్చేశాడు.

రేవులో ఇబ్బంది మొదలైంది. జనం అలవాటు కొద్దీ నీళ్ళు తాకి "సూరప్ప తోడు" అని లోపల్లోపల గొణిగి, ఆ వెంటనే పలక కోసం గట్టిగా నిట్టూర్చేవారు. ఇది సరిపోదని విభాగం ఒక నిట్టూర్పు పర్యవేక్షకుణ్ణి నియమించింది. ఆయన గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఒక్కొక్కరి ఊపిరీ పరీక్షించేవాడు.

"అమ్మా, ఇది నిట్టూర్పు కాదు, ఆవలింత. మరల."

"రేత్రి నిద్దర నేదు నాయినా."

"వ్యక్తిగత వేదన పరిగణించబడదు. జాతీయమైనది వదలండి."

తౌడమ్మ చేపలబుట్ట దించి, నడుము మీద చేతులు పెట్టుకుని, కోడల్ని తలుచుకుని ఒకటి వదిలింది. పర్యవేక్షకుడి గొడుగు ఊగింది. ఆమెకు ఆ రోజుకు అనుమతి దొరికింది. అందరికీ అంత కోడలు లేదు. కొందరు విసిగిపోయి ఆటోల్లో కొత్తపేట వంతెన మీదుగా తిరిగిపోసాగారు. ఇంకొందరికి వేరే భయం పట్టుకుంది. ఇన్నాళ్ళూ తోడున్న పేరు ద్రోహిదైతే, ఆ పేరు చెప్పి ఏట్లో దిగొచ్చా? చెప్పకుండా దిగొచ్చా? ఏదీ తేలక ఒడ్డునే నిలబడి ఆలోచించి ఇంటికి పోయేవారు.

పడవ ఖాళీగా ఊగుతుంటే చిట్టెన్న పక్కన కూర్చుని ఏటిని చూసేవాడు. చూపు బాగుందని పర్యవేక్షకుడు పైకి నివేదిక పంపాడు.

చివరికి లఘుచిత్రం తీసే రోజు వచ్చింది. దర్శకుడు గుసగుసగా తప్ప మాట్లాడడు. ఒక్కొక్క మాటకు ముందు ఆకాశం కేసి కాసేపు చూస్తాడు. దొర వేషానికి మనిషి దొరకక, తెల్లగా ఉంటారని ఉపసంచాలకులనే వేయమన్నారు. ఆయన సూటు తొడుక్కుని నల్లటోపీ పెట్టుకుని దిగారు.

"దొరలు ఇలాటి టోపీ ఎట్టేవోరా?" అంది సత్తెమ్మ.

"పరాయి టోపీ పరాయి టోపీయే" అన్నారాయన గంభీరంగా.

సూరప్ప వేషం చిట్టెన్నకే ఇచ్చారు, ఆ ఏట్లో గడ వేయగలవాడు ఇంకొకడు లేడు గనక. నడి ఏట్లో ద్రోహి ఒకసారి కుటిలంగా నవ్వాలని దర్శకుడు ఆకాశం చూసి చెప్పాడు.

"నాకు నవ్వు రాదండి" అన్నాడు చిట్టెన్న.

"కుటిలంగా ఉంటే చాలు."

"అదీ రాదండి."

ముందు భోజనం ఘట్టం తీశారు. ఊరంతా వరసగా కూర్చుంది. బంగారమ్మ పనసపొట్టు కూరలో ఆవపెట్టి తాలింపు వేస్తే వాసన అవతలి ఒడ్డుకు పోయింది. మొదటిసారి తీసినప్పుడు ఉపసంచాలకులు మరీ ఆనందంగా తిన్నారని, రెండోసారి వెలుగు తగ్గిందని, మూడోసారి గొర్లె పెద్దాయన కెమెరా కేసి చూసి దండం పెట్టాడని మళ్ళీ మళ్ళీ తీశారు. ప్రతిసారీ విస్తరి కొత్తది, కూర కొత్తది. చివరికి చరిత్రలో దొరకు పట్టిన గతే ఆయనకూ పట్టింది. నలుగురు పట్టుకుంటే గాని లేవలేదు.

వాన కోసం తెప్పించిన అగ్నిమాపక బండి దారిలో బురదలో దిగబడిందని కబురొచ్చింది. దర్శకుడు దిగులుగా ఆకాశం చూశాడు. ఈసారి ఆకాశం కూడా అతన్ని చూసింది. పడమటి కొండల మీద నల్లగా కమ్మి ఉంది.

పడవ ముక్కుకు చిన్న కెమెరా కట్టి, పెద్దది ఒడ్డున నిలబెట్టారు. ఉపసంచాలకులు పడవెక్కి కూర్చున్నారు. చిట్టెన్న గడ పట్టుకుని నిలబడ్డాడు. కదల్లేదు.

"ఇంకేం? పోనివ్వు."

"ఆ మాట అనండి బావూ."

"ఏ మాట? ఓ, అదా? నిషేధించాము కదా."

చిట్టెన్న ఒడ్డు కేసి చూశాడు. ఊరు తలదించుకుంది. సత్తెమ్మ ఒక్కతే, కొత్తపేట ఉన్న దిక్కుకు గడ్డం చూపించి, పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఆ పేరు వినకుండా అతను గడ వేశాడు. పడవ అటుదీ ఇటుదీ కానట్టు బరువుగా కదిలింది.

నడి ఏటికి వచ్చేసరికి వాన అందుకుంది. కొండల మీద అప్పటికే పడ్డ నీళ్ళు ఎర్రగా దిగి వస్తున్నాయి. పడవ ముక్కు పక్కకు తిరిగింది. చిట్టెన్న గడ నాటి ఆపాడు. ఆపిన చెయ్యి మళ్ళీ లేవలేదు. కావాలని ఆపాడో, చెయ్యే మొండికేసిందో అతనికే తెలియదు.

"ఏమయ్యా, ఆగావేం?"

"సెయ్యి రావట్నేదండి."

"వాతమా?"

"పేరు పడనేదండి."

నీళ్ళు పడవ అంచును ఒకసారి నాకి పోయాయి. ఉపసంచాలకులు కాళ్ళు పైకి తీసుకుందామనుకున్నారు గాని, పొట్ట అడ్డొచ్చింది.

"చూడు చిట్టెన్నా, ఆ పేరు గౌరవపూర్వకంగా ఉచ్చరించరాదు. ఆ ఉత్తర్వు మీద సంతకం నాదే."

"గౌరవం నేకుండానే అనండి. ఏటికి పేరు గావాల. గౌరవం ఒడ్డుకెల్లాక సూసుకుందాం."

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. ఇంకో అల వచ్చి ఆలోచన తెంపింది.

"కిల్లి సూరప్ప అనబడు సదరు వ్యక్తి..."

"అలగ కాదండి. తోడు అనాల."

"...తోడు నిమిత్తం..."

గాలి విసురుకు టోపీ తాడు తెగింది. నల్లటోపీ గిరగిర తిరుగుతూ కొత్తపేట వైపు కొట్టుకుపోయింది. దాంతోపాటు ఉపసంచాలకులలోని విభాగం కూడా కొట్టుకుపోయింది. ఆయన వంగి రెండు చేతులూ నీళ్ళలో ముంచి, వాననీళ్ళో కన్నీళ్ళో తెలియని మొహంతో, చిన్నపిల్లాడిలా అరిచారు.

"సూరప్పా! తోడు! సూరప్ప తోడయ్యా! నాయనా, తోడు!"

ఒడ్డున ఊరు ఒక్కసారిగా అందుకుంది. "సూరప్ప తోడు!" ఇన్నాళ్ళు గొంతులో ఆపుకున్నదంతా బయటికొచ్చింది. నిట్టూర్పు పర్యవేక్షకుడు కుర్చీ ఎక్కి నిలబడి అందరికంటే గట్టిగా అరిచాడు.

చిట్టెన్న చెయ్యి దానంతటదే లేచింది. గడ మూడు పట్లు పడిందో లేదో, పడవ అవతలి ఒడ్డుకు ఆనింది.

"జాగర్త" అన్నాడు అతను.

తీసింది తరవాత చూసుకున్న దర్శకుడు ఆకాశం చూడడం మానేశాడు. భోజనం ఉంది. వాన ఉంది. ఏ గొడవా పట్టని సామాన్యుడున్నాడు. నటన అనిపించని ఏడుపుంది. రాజధానిలో పెద్దలకు వేసి చూపిస్తే ముందువరస వాళ్ళు కండువాలు తడిపారట. ఒక పెద్దాయన మాత్రం కళ్ళు తుడుచుకుంటూ సందేహం వెలిబుచ్చారట: ఇందులో సూరప్ప కాపాడినవాడు కదా, మరి ద్రోహి ఎవరు?

ఆ సందేహం మీద దస్త్రం ఎన్ని బల్లలు తిరిగిందో గాని, ఏరు తగ్గి నీళ్ళు తేటపడే వేళకు ఉపసంచాలకులు టోపీ లేని తలతో నీలంరేవు వచ్చారు. వెంట కూలీలు కొత్త పలక మోసుకొచ్చారు.

"చిట్టెన్నా, పరిశీలించగా తేలినదేమనగా, పరాయివానిని సూరప్ప సురక్షితముగా దాటించెను. ప్రభుత్వోద్యోగిని నడి ఏట నిలిపివేసినది నీవు. లోపలివాడవు. గ్రామవాసివి. కావున సూరప్పను రక్షకునిగా పునర్వర్గీకరించి, ద్రోహి స్థానమున నిన్ను ప్రతిపాదించడమైనది. నీకేమైనా అభ్యంతరమున్నచో..."

"ఏటీ నేదండి" అన్నాడు చిట్టెన్న. అంత తొందరగా అతను మాట్లాడడం ఎవరూ వినలేదు.

"ఇంకొకటి. వృద్ధుడు మౌనంగా చూచు స్థానము కూడ ఖాళీగా ఉన్నది."

"నానింకా ముసిలోణ్ణి కానేదు కదండీ."

"కాలక్రమమున అగుదువు. పదవి మాత్రము నేటినుండే వర్తించును."

పాత పలక ఊడదీస్తుంటే బంగారమ్మ వచ్చి కొత్తది చదువుకుంది. మొగుడి పేరు పాలరాతి మీద చూసుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వుతన్నావేటి?" అన్నాడు చిట్టెన్న.

"నేదు, నిట్టూరుస్తన్నాను" అంది.

మర్నాడు పొద్దున రేవు మళ్ళీ నిండింది. కాలేజీ పిల్లలు, కోళ్ళగంపలు, వేదన చూడటానికి టౌను నుంచి వచ్చిన ఒక కుటుంబం. చిట్టెన్న గడ పట్టుకుని, తన కొత్త పదవి ప్రకారం, మౌనంగా ఏటిని చూస్తున్నాడు. టౌనువాళ్ళు ఫొటో తీసుకున్నారు.

"ఒరే ద్రోహీ!" అని గట్టునుంచి కేకేసింది తౌడమ్మ. "సూసింది సాలు, తియ్యరా పడవ! సేపలు పాడైపోతన్నాయి!"

ఆమె బుట్ట దించి, వంగి నీళ్ళు తాకింది. "సూరప్ప తోడు" అంది పైకి, ఊరంతటికీ వినిపించేలా. అలవాటు పోక ఒక నిట్టూర్పు కూడా వదిలి, తనే నవ్వుకుని, కాలు లోపల పెట్టింది.

ద్రోహి చెయ్యి గడ మీదికి పోయింది.